బొమ్మ ఎవరు వేశారో పేరుండాలి

కొంచెం పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి.

అమెరికాలో, లూసియానా రాష్ట్రంలో, కేన్ నది ఒడ్డున మెల్‌రోజ్ అనే పాత పత్తి తోట ఉంది. ఇప్పుడది మ్యూజియం. మేం వెళ్లింది లేదు, వెళ్లే స్తోమతా లేదు. హాస్టల్లో ఒక్క ఫోన్ చుట్టూ కూర్చుని చూశాం, చదివాం.

అక్కడ అందరూ చూడ్డానికి వెళ్లేది క్లెమెంటైన్ హంటర్ బొమ్మలు. అదే తోటలో పత్తి ఏరిన నల్లజాతి కూలీ ఆమె. తర్వాత యజమానుల ఇంట్లో వంటమనిషి. చదవడం, రాయడం రాదు. యాభై దాటాక, అతిథులుగా వచ్చిన చిత్రకారులు వదిలేసిన రంగులతో మొదలుపెట్టింది. ఏం వేసింది? పత్తి ఏరడం, బట్టలుతకడం, బాప్తిస్మం, పెళ్లి, చావు, శనివారం రాత్రి తాగి కొట్లాడుకోవడం. అంతా తన మనుషుల బతుకే. 1955లో ఆ తోటలోనే ఆఫ్రికన్ హౌస్ అనే కట్టడం మేడ గోడల నిండా, పెద్ద పెద్ద చెక్కల మీద, ఆ బతుకు పరిచేసింది.

అదే ఏడాది దగ్గర్లోని కాలేజీలో ఆమె బొమ్మల ప్రదర్శన పెట్టారు. తెల్లవాళ్లతో పాటు ఆమెను రానివ్వలేదు. తన బొమ్మలు తను చూసుకోడానికి, జనం లేనప్పుడు చాటుగా వెళ్లాల్సొచ్చింది! 1986లో అదే సంస్థ గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. అప్పటికి ఆమెకు దాదాపు వందేళ్లు. 1988లో పోయింది.

ఇంకోటి కూడా దాచకుండా చెప్పుకోవాలి. ఆ తోట మొదట మెటోయర్ అనే క్రియోల్ కుటుంబానిది, అంటే ఫ్రెంచి, ఆఫ్రికా రక్తం కలిసినవాళ్లది. వాళ్ల తల్లి మారీ తెరేజ్ బానిసగా పుట్టి, 1778లో విడుదలై, తర్వాత పిల్లల్ని కూడా విడిపించుకుంది. ఆ కుటుంబమే మళ్లీ బానిసల్ని పెట్టుకుంది. మనోడు ఒకడు పైకొస్తే చాలు అనేవాళ్లు ఇది రెండుసార్లు చదవాలి.

మరి మన ట్రైబల్ మ్యూజియంల సంగతి? గాజు వెనక విల్లంబు, థింసా ఆడే మైనపు బొమ్మలు, కింద 'గిరిజన మహిళ' అని బోర్డు. ఏ ఊరు? ఎవరమ్మ? ఆ బుట్ట అల్లింది ఎవరు? సవర గోడ బొమ్మల్ని ఎవరైనా దింపుకుని బట్టల మీద అచ్చేసి అమ్ముకుంటే, ఇది ఫలానా అవ్వ వేసింది అని చూపించడానికి మన దగ్గర ఏముంది? చదువురాని హంటర్ కూడా తన బొమ్మల మీద సి, హెచ్ కలిపి గుర్తు వేసేది. తర్వాత్తర్వాత సి అక్షరం తిరగేసి వేసేది.

సెలవులకు ఊరెళ్తున్నాం కదా. బొమ్మలేసే, బుట్టలల్లే, డోలు కట్టే పెద్దోళ్లను అడిగి, వాళ్లు సరే అంటేనే, పేరూ ఊరూ రాసి ఇక్కడ పెట్టండి. మా గూడెం నుంచి మేం మొదలుపెడతాం.