గుట్ట చస్తే చెరువు బతుకుతదా?

బతుకమ్మ పండుగొస్తే తంగేడు పువ్వు కోసం మన పిల్లలు ఎక్కడికి పోతరు? గుట్టల అంచులకు, చెల్కల గట్లకు పోతరు. సిద్దిపేట అంగడికి సీతాఫలం ఎక్కడినుంచి వస్తది? ఎవరూ నీళ్లు పెట్టని, ఎరువు వెయ్యని గుట్టలమీదినుంచే వస్తది. ఆ గుట్టలనే దిమ్మెలు దిమ్మెలుగా కోసి లారీలకెత్తుతున్నరు.

కరీంనగర్ గ్రానైట్‌కు చైనా దాకా గిరాకీ. ఓడెక్కే దిమ్మెకు సర్కారు దగ్గర లెక్క ఉంటది, ఎందుకంటే దానిమీద సీనరేజి వస్తది. మరి పగులున్నదని, రంగు కలువలేదని, కొలతకు రాలేదని పక్కకు నెట్టిన రాయి సంగతేంది? మామూలుగా గ్రానైట్ క్వారీలో తీసిన రాయిలో సగానికన్న ఎక్కువ ఇట్లా పోయేదే. అదంతా గుట్ట వాలు మీదనే కుప్పపడుతది.

'ఉత్త రాయే కదా, విషమా?' అంటరు. నిజమే. రాగి గనుల, యురేనియం గనుల వ్యర్థం లెక్క ఇది విషం కక్కది. దీని చంపుడు వేరే తీరు. గుట్టమీద మట్టి చాలాచోట్ల జానెడు కూడా ఉండది. రాయి ఎండకు వానకు అరిగి, ఆకు రాలి మురిగి, ఆ పొర కట్టేటందుకు వందల ఏండ్లు పట్టింది. దానిమీద రాళ్లకుప్ప పడితే గడ్డి, విత్తనం, వేరు అన్నీ సమాధే. రాళ్ల సందుల నీళ్లు నిలువయి. కొత్త మొక్క లేవది. బతికిన చెట్టు ఆకులమీద రాతిదుమ్ము పేరుకుంటే ఎండ అందది, ఆకుకు ఊపిరాడది.

కథ గుట్టతోటే ఆగదు. వానకు ఆ రాతిపొడి ఒర్రెలల్ల దిగి చెరువుల పడుతది. మన గొలుసుకట్టు చెరువులకు నీళ్లిచ్చేది ఈ గుట్టలే. 2015లో మిషన్ కాకతీయ పేరుమీద పూడిక తీసుడు మొదలుపెట్టినం. కింద పూడిక తీసుడు, మీదినుంచి పూడిక పోసుడు! ఇదేం లెక్క?

గంగాధర మండలం కురిక్యాల బొమ్మలమ్మ గుట్టమీద పదో శతాబ్దపు జినవల్లభుని శాసనమున్నది. అందులో తెలుగు కంద పద్యాలున్నయి. అసుంటి గుట్టను క్వారీలనుంచి కాపాడేటందుకు కూడా కొట్లాడవలసి వచ్చింది. శాసనం లేని గుట్టకు దిక్కెవరు?

వలస పెట్టుబడి మన గుట్టలను మింగుతున్నదని ఉద్యమ సభల్లో అరిచినోళ్లల్ల నేనూ ఉన్న. 2014లో రాష్ట్రం వచ్చింది. బతుకమ్మ రాష్ట్ర పండుగైంది, తంగేడు రాష్ట్ర పుష్పమైంది. కానీ రాయి కోసే మిషన్‌కు ప్రాంతం తెలువది. మనోడు కోసినా గుట్ట మళ్లా మొలువది.

క్వారీల మీద బతికే కూలీలున్నరు. అన్నీ బంద్ పెట్టమంటలేను. చట్టంలో ఉన్నదే అమలు చెయ్యమంటున్న. పైమట్టిని వేరుగా తీసి దాచాలె, పని అయినంక అదే మట్టి పరిచి మొక్కలు పెట్టాలె అని 1999 గ్రానైట్ నియమాలే చెప్తున్నయి. ఏ క్వారీల ఎంత మట్టి దాచిన్రో మైనింగ్ అధికారులు ఊరి పంచాయతీ గోడమీద రాయాలె. వ్యర్థం కుప్ప ఒర్రెకు అడ్డం పడితే లీజు ఆపాలె.

విద్యార్థులారా, ఉద్యోగ మిత్రులారా! మీ ఊరి గుట్ట ఎక్కి చూడున్రి. దాచిన మట్టి ఎక్కడున్నదని అడుగున్రి. నీళ్లకోసం కొట్లాడినోళ్లం, ఆ నీళ్లను కిందికి పంపే గుట్టకోసం కొట్లాడలేమా?