కోచ్‌లు మారారు.. కష్టాలు మారలేదు: హైదరాబాద్ ఎఫ్‌సీ ఎందుకు నిలబడలేదు?

2022 మార్చి 20న గోవాలోని ఫతోర్దాలో పెనాల్టీల్లో కేరళ బ్లాస్టర్స్‌ను ఓడించి హైదరాబాద్ ఎఫ్‌సీ ఇండియన్ సూపర్ లీగ్ విజేత అయింది. మూడున్నరేళ్లు తిరిగేసరికి, 2025 అక్టోబర్‌లో, అదే క్లబ్ పేరు మార్చుకుని ఢిల్లీకి వెళ్లిపోయింది. ఇంత తొందరగా ఎలా పడిపోయింది అంటే చాలామంది చూపించేది కోచ్‌ల వైపే. అది సగం మాటే.

నిజానికి కోచ్‌లు మారడం మొదటి సీజన్ నుంచే ఉంది. 2019-20లో ఫిల్ బ్రౌన్‌ను మధ్యలోనే తప్పించారు, జట్టు ఆఖరి స్థానంలో నిలిచింది. తర్వాత తీసుకున్న ఆల్బర్ట్ రోకా ఒక్క సీజన్ కూడా ఆడించకుండానే బార్సిలోనాకు వెళ్లిపోయారు. అప్పుడు వచ్చిన మనోలో మార్కెజ్‌కు మాత్రం మూడేళ్లు దొరికాయి. ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్, మహమ్మద్ యాసిర్ లాంటి కుర్రాళ్లకు ఆయన వరసగా అవకాశాలిచ్చారు. ఐదో స్థానం, ఆ తర్వాత కప్పు, ఆ తర్వాత రెండో స్థానం. కరోనా వల్ల మొదటి రెండు సీజన్లూ గోవాలోనే జరిగాయి కాబట్టి గచ్చిబౌలి ప్రేక్షకులకు ఆ జట్టును దగ్గర నుంచి చూసే భాగ్యం మూడో ఏడాదికి గానీ దక్కలేదు!

2023లో మనోలో గోవా క్లబ్‌కు వెళ్లారు. ఐర్లాండ్‌కు చెందిన కానర్ నెస్టర్ వచ్చారు, తర్వాత భారమంతా తంగ్‌బోయ్ సింగ్తో మీద పడింది. అప్పటికే జీతాలు ఆగిపోయాయి. బకాయిల కేసుల్లో ఫిఫా కొత్త ఆటగాళ్లను తీసుకోవద్దని ఆంక్ష పెట్టింది. విదేశీయులు ఒక్కొక్కరే సర్దుకున్నారు. 2024 జనవరి నాటికి యాసిర్ గోవాకు, నిఖిల్ పూజారి, చింగ్లెన్‌సనా బెంగళూరుకు వెళ్లిపోయారు. మిగిలింది పిల్లల జట్టే. 22 మ్యాచుల్లో ఒక్కటే గెలుపు, ఎనిమిది పాయింట్లు. కొనడానికి వీల్లేదు, ఉన్నవాళ్లను ఆపడానికి డబ్బుల్లేవు. అలాంటి చోట ఏ కోచ్ అయినా ఏం చేస్తాడు?

2024లో బీసీ జిందాల్ గ్రూప్ క్లబ్‌ను తీసుకుంది. అప్పటికి సీజన్ తలుపు దగ్గరకొచ్చేసింది, జట్టును హడావుడిగా కూర్చారు. డిసెంబర్‌లో సింగ్తో వెళ్లిపోయి షమీల్ చెంబకత్ బాధ్యత తీసుకున్నా 13 జట్లలో 12వ స్థానమే దక్కింది. కిందున్న ఒకే ఒక్క జట్టు కోల్‌కతా మొహమ్మడన్ స్పోర్టింగ్. వాళ్లదీ జీతాల గొడవే. ఆటగాళ్లు ప్రాక్టీసు మానేసే దాకా వెళ్లింది.

ఇది సయ్యద్ అబ్దుల్ రహీమ్ ఊరు కాబట్టి బాధ ఇంకాస్త ఎక్కువ. రహీమ్ సాబ్ చేతిలో హైదరాబాద్ సిటీ పోలీస్ 1950 నుంచి 54 దాకా వరసగా ఐదు రోవర్స్ కప్పులు గెలిచింది. 1963లో చనిపోయే దాకా ఆయన ఆ జట్టును వదల్లేదు. ఆయన ఆటగాళ్లకు పోలీసు శాఖలో నౌకరీ ఉండేది, నెల తిరిగితే తనఖా వచ్చేది. మైదానంలో కోచ్ తెలివి ఎంత ముఖ్యమో, ఇంట్లో పొయ్యి వెలగడం కూడా అంతే ముఖ్యం.

ఇప్పుడు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఐఎస్‌ఎల్ క్లబ్ లేదు. గుంటూరు, ఒంగోలు మైదానాల్లో ఆడే కుర్రాడు పెద్ద లీగ్ కోసం బెంగళూరో, చెన్నైయో చూసుకోవాలి. అమరావతి ప్లానులో స్పోర్ట్స్ సిటీ ఉంది, స్టేడియాల మాటలు గట్టిగానే వినిపిస్తున్నాయి. అక్కడ ఆడబోయే జట్లకు జీతాలు ఎవరిస్తారు, ఎన్నేళ్లు ఇస్తారు అన్న మాట మాత్రం ఇంకా గట్టిగా వినపడటం లేదు.