రంగు జిరాక్సు కాదు, అసలు ఫైలు ఇవ్వండి



పోస్టు కొంచెం పెద్దదే. ఓపిక పట్టి చివరిదాకా చదవండి. ముఖ్యంగా మాచర్ల, వెల్దుర్తి, దుర్గి, బొల్లాపల్లి మండలాల నుంచి వచ్చి హాస్టళ్లలో చదువుకుంటున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు చదవాలి. ఎందుకంటే ఇది మన ఇంటోళ్ల భూమి సంగతి.

మొన్న ఒక చెల్లి వాళ్ల బాపుకి వచ్చిన కాగితం మాకు చూపించింది. అటవీ హక్కుల దరఖాస్తు తిరస్కరించామని ఒక్క వాక్యం. కారణం: ఉపగ్రహ చిత్రం ప్రకారం 2005 నాటికి అక్కడ సాగు లేదు. వెనకాల పిన్ను కొట్టిన ఏ4 కాగితం. దాని మీద ఎర్రటి మచ్చలు, మధ్యలో పెన్నుతో గీసిన సున్నా. బాపు ఆ ఎరుపు చూసి "ఇది మన ఎర్రనేలే గదా, సాగు ఉందనేగా దీనర్థం?" అని అడిగాడంట. కాదు. అలాంటి చిత్రాల్లో ఎరుపు రంగు పచ్చని చెట్టుకి గుర్తు. కంటికి కనపడని పరారుణ కాంతిని ఎరుపుగా చూపిస్తారు. ఆ మాట ఆయనకి ఎవరూ చెప్పలేదు.

అసలు ఆ కాగితం మీద ఏముందో కాదు, ఏం లేదో చూడండి. ఏ ఉపగ్రహం తీసిందో లేదు. ఏ తేదీన తీసిందో లేదు. అక్షాంశం, రేఖాంశం లేవు. ఒక్కో గడి ఎన్ని మీటర్లో లేదు. ఇది పటం కాదు, బొమ్మ. బొమ్మ చూపించి భూమి లేదంటే ఒప్పుకోవాలా? ఇకనుంచి ఒప్పుకోకూడదని చెప్పడానికే ఈ పోస్టు.

బొమ్మకి, పటానికి తేడా ఏంది?

ఉపగ్రహం పంపేది ఫోటో కాదు, అంకెల పట్టిక. గళ్ల నోటుబుక్కు ఊహించుకోండి. ఒక్కో గడిలో ఒక అంకె, అంటే ఆ నేల ముక్క ఎంత కాంతిని తిప్పి పంపిందో ఆ లెక్క. ఇలాంటి గళ్ల ఫైలునే రాస్టర్ అంటారు. జియోటిఫ్ అనే ఫార్మాట్‌లో ఉంటే ఆ గళ్లు భూమి మీద సరిగ్గా ఎక్కడ మొదలవుతాయో, ఒక్కో గడి ఎంతో, ఏ కొలత పద్ధతో అన్నీ ఆ ఫైలు కడుపులోనే ఉంటాయి. ఎవరు ఎక్కడ తెరిచినా చంద్రవంక చంద్రవంక దగ్గరే కనపడుతుంది, నాగులేరు నాగులేరు దగ్గరే కనపడుతుంది.

దాన్నే ప్రింటు కోసమనో, వాట్సాప్ కోసమనో జేపెగ్ చేశారనుకోండి. మూడు చోట్ల దెబ్బ పడుతుంది.

ఒకటి, చిరునామా పోతుంది. సరైన పద్ధతిలో మార్చినా స్థలం వివరాలు పక్కన ఇంకో చిన్న ఫైలులో పడతాయి. బొమ్మ ఒక్కటే పంపి ఆ చిన్న ఫైలు వదిలేస్తే, బొమ్మ ఏ ఊరిదో ఇక దేవుడికే తెలియాలి.

రెండు, అంకెలు మారిపోతాయి. చాలా ఉపగ్రహ ఫైళ్లలో ఒక్కో గడికి 65 వేల దాకా విలువ ఉండొచ్చు. మామూలు జేపెగ్‌లో పట్టేది 0 నుంచి 255 వరకే. మధ్యలో కుదించాలి. ఎంత కుదించాలో, ఏది చీకటిగా, ఏది వెలుతురుగా కనపడాలో నిర్ణయించేది కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషి. అంటే "అడవిలా కనపడుతోంది" అన్న మాటలో ఆ మనిషి చెయ్యి కూడా ఉంది.

మూడోది మన పేదోళ్లకి అన్నిటికన్నా పెద్ద దెబ్బ. జేపెగ్ ఫైలు సైజు తగ్గించడానికి 8 గళ్లు పొడవు, 8 గళ్లు వెడల్పు ఉన్న తునకలుగా బొమ్మని కోసి, ఒక్కో తునకలో సన్న తేడాల్ని చెరిపేస్తుంది. లెక్క వేద్దాం. ల్యాండ్‌శాట్ 5 చిత్రంలో ఒక గడి 30 మీటర్లు, అంటే 900 చదరపు మీటర్లు. మన రెండెకరాల చేను మొత్తం 9 గళ్లు. జేపెగ్ తునకలో 64 గళ్లు, అంటే 14 ఎకరాల పైనే. 14 ఎకరాల అడవి అంచుని ఒక ముద్దగా నొక్కేసి, అందులో రెండెకరాలు కనపడట్లేదంటే తప్పు ఎవరిది? మన రిసోర్స్‌శాట్ ఉపగ్రహం లిస్-3 చిత్రంలో గడి 23.5 మీటర్లు. అక్కడా రెండెకరాలకి 14, 15 గళ్లే వస్తాయి. పైగా మన పెద్దోళ్లు చేలో ఇప్ప, తునికి చెట్లు నరకకుండా ఉంచుతారు. చెట్టు నీడా, చేను మట్టీ ఒకే గడిలో కలిసిపోతాయి. అసలు ఫైలులోనే జాగ్రత్తగా చూడాల్సిన సంగతి ఇది. రంగు జిరాక్సులో ఏం తేలుతుంది?

ఒక్క లైను కమాండు

"మీరు అడిగే ఫార్మాట్‌లో ఇవ్వడం కుదరదు, మా సాఫ్ట్‌వేర్ వేరు" అని ఒక చోట మాతో అన్నారు. ఆ మాట పట్టుకుని తిరిగొచ్చేశాం, తెలియక. తెలిశాక సిగ్గేసింది. ఎందుకంటే అది ఒక్క లైను పని.

జీడాల్ అని ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. ఫ్రాంక్ వార్మర్‌డామ్ అనే కెనడా ప్రోగ్రామర్ 1998లో మొదలుపెట్టాడు. ఇవాళ ప్రపంచంలో పటాల సాఫ్ట్‌వేర్లు చాలా వాటి కడుపులో ఇదే ఉంది. క్యూజిస్ ఇన్‌స్టాల్ చేసుకుంటే దాంతోపాటే వస్తుంది. కంప్యూటర్‌లో ఒకసారి ఎక్కించుకుంటే ఇంటర్నెట్ లేని తండాలో కూడా పనిచేస్తుంది. పాత ల్యాప్‌టాప్ చాలు. దీంట్లో బటన్లు ఉండవు, నల్ల తెర మీద కమాండు టైపు చేయాలి. ఇక్కడ తెలుగులో రాస్తున్నాం, మీరు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టండి.

మొదట ఫైలులో ఏముందో అడగాలి:

జీడాల్‌ఇన్ఫో చేను.ఐఎంజీ

ఫార్మాట్ ఏంటి, ఎన్ని గళ్లు, గడి సైజు ఎంత, నాలుగు మూలల అక్షాంశ రేఖాంశాలు, కొలత పద్ధతి అన్నీ తెర మీద పడతాయి. పడలేదా? అయితే మీకిచ్చింది పటం కాదు, బొమ్మ. ఈ ఒక్క కమాండు చాలు, సగం వాదన గెలవడానికి.

తర్వాత మార్చడం:

జీడాల్_ట్రాన్స్‌లేట్ -ఓఎఫ్ జీటిఫ్ -సీఓ కంప్రెస్=డిఫ్లేట్ చేను.ఐఎంజీ చేను.టిఫ్

ఓఎఫ్ అంటే ఏ ఫార్మాట్‌లోకి మార్చాలో. సీఓ దగ్గర రాసిన డిఫ్లేట్ అంటే సైజు తగ్గించు, కానీ ఒక్క అంకె కూడా చెడగొట్టకు అని. బస్తాలో ధాన్యం కుదించి కట్టినట్టు, విప్పితే గింజ తగ్గదు. పెద్ద చిత్రంలోంచి మన ఊరు మేరకే కోసుకోవాలంటే ప్రోజ్‌విన్ అని పెట్టి రెండు మూలల కొలతలు ఇస్తే చాలు. వందల ఎంబీల ఫైలు చిన్న ముక్కయి ఫోన్‌లో పంపేంత అవుతుంది. పంపేటప్పుడు ఫోటోగా కాదు, డాక్యుమెంటుగా పంపండి. ఫోటోగా పంపితే వాట్సాప్ దాన్ని మళ్లీ నలిపేస్తుంది.

మేం చేసిన తప్పు కూడా చెప్పాలి. పాత సర్వే పటం ఒకటి స్కాన్ చేసి, దాని మీద ఏ_ఎస్ఆర్ఎస్ అనే ఆప్షన్‌తో కొత్త కొలత పద్ధతి పేరు రాసేశాం. అది పేరు మారుస్తుందే గానీ గళ్లని జరపదు. సీసా మీద లేబుల్ మార్చినంత మాత్రాన లోపల నూనె మారుతుందా? పాత భారత సర్వే పటాలు ఎవరెస్ట్ అనే కొలతలో ఉంటాయి, జీపీఎస్ చూపించేది డబ్ల్యూజీఎస్ 84. మన పల్నాడులో ఈ రెంటికీ తేడా వంద మీటర్ల పైనే. చదరంగా ఉన్న రెండెకరాల చేను ఒక్కో వైపు 90 మీటర్లు. అంటే చేను చేనంతా జరిగిపోయి పక్కోడి మీద పడుతుంది. మా పటంలో వాగు ఇవతలున్న చేను అవతల పడింది. ఊరి పెద్దాయన ఒకరు చూసి "ఏందిరా, నా చేను వాగు దాటి పోయింది?" అని నవ్వాడు గాబట్టి బతికిపోయాం. నిజంగా జరపాలంటే పాత కొలత ఏదో సరిగ్గా చెప్పి జీడాల్‌వార్ప్ అనే కమాండు వాడాలి. మన ప్రాంతానికి యూటీఎం 44 ఉత్తర మండలం, సంఖ్య 32644. రాసి పెట్టుకోండి.

మనలో మనం

ఇప్పుడు మన గుంపులో వినపడే మాటలకి జవాబు.

"ఇదంతా ఎందుకన్నా, ఆన్‌లైన్ కన్వర్టర్ సైటులో పడేస్తే మారిపోద్దిగా?" మారిపోద్ది, మామూలు ఫోటోలాగా. ఆ సైట్లలో చాలా వాటికి స్థలం వివరాలతో పని లేదు, వదిలేస్తాయి. పైగా మన ఊరి హద్దులు, మన దేవుళ్ల జాగాలు ఎవరి సర్వర్‌లోకో ఎక్కిస్తామా?

"కంప్యూటర్ చదువుకున్నోళ్ల పని, మనకెందుకు?" బీటెక్, డిగ్రీ కంప్యూటర్స్ చదివేవాళ్లు ఈ గుంపులోనే ఎంతమంది లేరు? ఊళ్లో అమ్మకి ఫోన్ రీచార్జి చేసిపెట్టే చెయ్యే ఈ లైను కూడా కొట్టగలదు.

"ఉపగ్రహం ఎప్పుడూ సర్కారు పక్కనే, దాని జోలికి పోవద్దు" అని కొందరు పెద్దలంటారు. ఈ మాటలో సగం నిజముంది, దాన్ని గౌరవిస్తాం. అటవీ హక్కుల చట్టం నియమాలకి 2012లో చేసిన సవరణే చెబుతోంది: ఉపగ్రహ చిత్రం మిగతా సాక్ష్యాలకి తోడు మాత్రమే, వాటికి బదులు కాదు. జరిమానా రసీదు, పాత కట్ట, చెలక గట్టు, సమాధి, ఊరి పెద్దల వాంగ్మూలం, ఇవన్నీ సాక్ష్యాలే. 2013లో గుజరాత్ హైకోర్టు కూడా ఉపగ్రహ చిత్రాలే ఆధారంగా దరఖాస్తులు కొట్టేయడాన్ని తప్పుపట్టి మళ్లీ పరిశీలించమంది. అయితే మిగతా సగం ఏంటంటే, మనం వద్దన్నా ఉపగ్రహం మన గుమ్మంలోకి వచ్చేసింది. 2019 ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు తిరస్కరించిన దరఖాస్తుదారుల్ని ఖాళీ చేయించమన్న రోజే, ఉపగ్రహ సర్వే చేయమని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియాకి చెప్పింది. ఖాళీ చేయించే ఆదేశం ఫిబ్రవరి 28న ఆగింది. కత్తి ఇంకా గూట్లోనే ఉంది. ఎదుటివాడి చేతిలో ఉన్నది చదవడం రాకపోతే రేపు ఏం మాట్లాడతాం? గుజరాత్ నర్మదా జిల్లాలో ఆర్చ్ వాహిని సంస్థతో కలిసి ఆదివాసీలు తామే జీపీఎస్ పట్టుకుని చేలు కొలిచి, 2005 నాటి చిత్రాల మీద వేసి చూపించారు. వాళ్లు చేయగలిగింది మనం చేయలేమా?

ఏం అడగాలి

ఆఫీసుకి వెళ్లినప్పుడు దణ్ణం పెట్టి బతిమాలొద్దు. చట్టం పేరు చెప్పి అడగండి.

సమాచార హక్కు చట్టం 2005లో సెక్షన్ 2(జె) ప్రకారం కంప్యూటర్‌లో ఉన్న సమాచారాన్ని ఎలక్ట్రానిక్ రూపంలో తీసుకోవడం మన హక్కు. సెక్షన్ 7(9) ప్రకారం మామూలుగా మనం ఏ రూపంలో అడిగామో ఆ రూపంలోనే ఇవ్వాలి. కాబట్టి దరఖాస్తులో "చిత్రం కాపీ ఇవ్వండి" అని రాయకండి, రంగు జిరాక్సు చేతిలో పెడతారు. ఇలా రాయండి: తిరస్కరణకి వాడిన ఉపగ్రహ చిత్రం అసలు ఫైలు, జియోటిఫ్ ఫార్మాట్‌లో, అన్ని బ్యాండ్లతో, ఉపగ్రహం పేరు, తీసిన తేదీ, మా చేను హద్దులు వేసిన ఫైలు, హద్దులు ఏ పరికరంతో ఎవరు ఎప్పుడు కొలిచారో ఆ వివరం.

తేదీ ఎందుకు అడగాలో తెలుసా? చట్టంలో గడువు 2005 డిసెంబరు 13. మన నల్లమల అంచు అడవి ఎండాకాలంలో ఆకు రాలుస్తుంది. ఏప్రిల్ చిత్రంలో అడవీ, దుక్కి చేనూ రెండూ బోడిగా ఉంటాయి. అక్టోబరులో అడవీ పచ్చన, కందిచేనూ పచ్చన. ఒక్క తేదీ చిత్రంతో తీర్పు చెప్పేవాడికి వ్యవసాయం తెలియదనే అర్థం.

తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా ఇవ్వాలి. సబ్‌డివిజన్ కమిటీ నిర్ణయం మీద జిల్లా కమిటీకి వెళ్లడానికి 60 రోజుల గడువు. మాచర్ల వైపు వాళ్లకి గురజాల డివిజన్, జిల్లా కమిటీ నరసరావుపేటలో. సమాచార హక్కు జవాబుకే 30 రోజులు పడుతుంది, కాబట్టి కాగితం చేతికొచ్చిన వారంలోనే దరఖాస్తు పడేయండి. మనది షెడ్యూల్డ్ ప్రాంతం కాదు గదా అని ఎవరైనా అంటే నమ్మొద్దు. ఈ చట్టానికి షెడ్యూల్డ్ ప్రాంతం అవ్వాలన్న షరతు లేదు. తండా అయినా, చెంచు గూడెం అయినా, అడవి మీద బతికే ఎస్టీలకి వర్తిస్తుంది.

ఆ చెల్లి వాళ్ల బాపు 60 రోజుల్లో కొన్ని అయిపోయాయి. అసలు ఫైలు కోసం దరఖాస్తు పెట్టించాం. ఫైలు వస్తే మనమే తెరుద్దాం. రాకపోతే "మీ దగ్గర బొమ్మ తప్ప పటం లేదు" అని జిల్లా కమిటీ ముందు రాసిద్దాం. రెండు దారుల్లోనూ మనం నిలబడి ఉండాలి.

ఇంట్లో ఇలాంటి తిరస్కరణ కాగితం ఉంటే పెట్టె అడుగునుంచి తీయండి. వెనకాల పిన్ను కొట్టిన బొమ్మ మీద తేదీ ఉందో లేదో చూసి కింద కామెంటులో చెప్పండి, పేర్లు మాత్రం రాయొద్దు. సెలవులకి ఊరెళ్లేవాళ్లు ల్యాప్‌టాప్‌లో జీడాల్ ఎక్కించుకుని వెళ్లండి. రాని వాళ్లకి మేం నేర్పుతాం, మాకు రానిది మీరు నేర్పండి.

బాపు ఎర్రనేల అన్నాడు. ఆ నేల ఆయనకి తెలుసు, ఆ ఎరుపు మనకి తెలుసు. ఇద్దరం కలిసి కూర్చుంటే ఆ కాగితం నిలబడదు.