ఎదుటి పక్షం వకీలూ న్యాయానికి కావలసినవాడే

2025 అక్టోబరు 6వ తేదీన సుప్రీం కోర్టులో విచారణ జరుగుతుండగా ఒక న్యాయవాది అప్పటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ బి.ఆర్. గవాయ్ వైపు బూటు విసరబోయాడు. ఒక కేసులో ఆయన చేసిన వ్యాఖ్య తన మతభావాలను గాయపరిచిందన్నది ఆ న్యాయవాది ఆరోపణ. భద్రతా సిబ్బంది అతణ్ణి బయటికి తీసుకుపోయారు. ప్రధాన న్యాయమూర్తి మాత్రం ఇలాంటివి తనను కదిలించవని చెప్పి, వాదనలు కొనసాగించమని తక్కిన న్యాయవాదులను కోరారు. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఆ న్యాయవాదిని వెంటనే సస్పెండ్ చేసింది.

ఈ సంఘటనపై దేశమంతా మాట్లాడుకుంది. కోపగించినవారు కోపగించారు, సమర్థించిన వారు కూడా లేకపోలేదు. మన సమాజంలో కొందరు 'ఇది మనవాడు చేసిన పని కాదు గదా' అని ఊపిరి పీల్చుకున్నారు. అయితే ప్రశ్న అంతటితో తీరదు. న్యాయస్థానంలో సభ్యత అంటే ఏమిటి? అది న్యాయమూర్తి ముందు తలవంచి 'మైలార్డ్' అనడమేనా? లేక న్యాయానికీ దానికీ అంతకు మించిన సంబంధం ఏమైనా ఉన్నదా? బూటు గాలిలోకి లేచిన రోజున అందరి కళ్లూ కోర్టు మీద పడ్డాయి. ఏ బూటూ లేవకుండానే న్యాయవాద వృత్తి మర్యాద మంటగలిసిన రోజులు మన దేశంలో చాలా ఉన్నాయి. ఆ రోజుల్లో నష్టపోయింది న్యాయమూర్తులు కారు, బోనులో నిలబడిన నిరుపేదలు.

ముద్దాయి ఎవరు?

తెలుగు కోర్టుల భాష సగం ఉర్దూ నుంచి వచ్చినదే. వకీలు, వకాల్తా, దావా, ఫిర్యాదు, జామీను, వాయిదా, రాజీ – ఇవన్నీ ఆ ఇంటి మాటలే. వీటిలో 'ముద్దాయి' అనే మాట మరీ విచిత్రమైనది. ఉర్దూలో 'ముద్దయీ' అంటే దావా వేసినవాడు, హక్కు అడిగేవాడు. ఎవరిమీద దావా వేశారో అతడు 'ముద్దాలేహ్'. తెలుగులోకి వచ్చేసరికి ముద్దాయి అంటే నేరం మోపబడినవాడు అయిపోయాడు. భాషలో జరిగిన ఈ తారుమారు జీవితంలోనూ జరుగుతుంది. నేడు వేలు చూపించి నేరం మోపేవాడు రేపు అదే బోనులో నిలబడవచ్చు. అందుకే ముద్దాయికి వకీలు దొరకడం ముద్దాయి ఒక్కడి అవసరం కాదు, మనందరి అవసరం.

ఈ సంగతి మన రాజ్యాంగ నిర్మాతలకు బాగా తెలుసు. అరెస్టయిన వ్యక్తికి తనకు నచ్చిన న్యాయవాదిని సంప్రదించే హక్కును 22వ అధికరణం ఇచ్చింది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత కూడా 340వ సెక్షనులో ఆ హక్కును నిలిపింది. వకీలును పెట్టుకునే స్తోమత లేనివారికి ప్రభుత్వ ఖర్చుతో వకీలును ఇవ్వాలని 341వ సెక్షను చెబుతోంది.

ఇక వకీళ్ల సంగతి. 1961 నాటి అడ్వొకేట్స్ చట్టం కింద బార్ కౌన్సిల్ చేసిన నియమాలు న్యాయవాదికి ముఖ్యంగా నాలుగు వైపుల బాధ్యతను విధిస్తున్నాయి. కోర్టు పట్ల, కక్షిదారు పట్ల, ఎదుటి పక్షం పట్ల, తోటి న్యాయవాదుల పట్ల. తన స్థాయికి తగిన ఫీజు ఇస్తే, తాను వాదించే కోర్టులో వచ్చిన కేసును స్వీకరించవలసిందే. ప్రత్యేక పరిస్థితులు ఉంటే తప్ప కాదనరాదు. అక్రమ మార్గాలు పట్టమని ఒత్తిడి చేసే కక్షిదారు తరఫున నిలబడరాదు. ఎదుటి పక్షానికి వకీలు ఉన్నప్పుడు ఆ వకీలు ద్వారానే మాట్లాడాలి గాని, కేసు విషయం నేరుగా ఆ పక్షంతో మాట్లాడరాదు. కేసు గెలిస్తే ఇంత అని ఫీజు మాట్లాడుకోరాదు. ఇవి కాగితం మీది నీతులు కావు. వృత్తిలో దుష్ప్రవర్తన రుజువైతే మందలింపు మొదలు న్యాయవాదుల జాబితా నుంచి పేరు కొట్టివేయడం వరకు శిక్షలు ఆ చట్టం 35వ సెక్షనులోనే ఉన్నాయి.

2024 మే 14న సుప్రీం కోర్టు మరో ముఖ్యమైన తీర్పు ఇచ్చింది. న్యాయవాదుల సేవలు వినియోగదారుల రక్షణ చట్టం కిందికి రావని చెప్పింది. న్యాయవాద వృత్తి వ్యాపారం కాదు, తక్కిన వృత్తులతో పోల్చదగినదీ కాదు అన్నది దాని సారాంశం. వకీళ్లు ఈ తీర్పును సంతోషంగా స్వాగతించారు. స్వాగతించవలసిందే. కాని వ్యాపారం కాదన్న గౌరవం తీసుకున్నవారు వ్యాపారికి లేని బాధ్యతను కూడా తలకెత్తుకోవాలి గదా!

తలుపులు మూసిన రోజులు

2007 నవంబరు 23న ఉత్తరప్రదేశ్‌లో లక్నో, వారణాసి, ఫైజాబాద్ కోర్టుల ఆవరణల్లో పేలుళ్లు జరిగాయి. ప్రాణాలు కోల్పోయినవారిలో న్యాయవాదులూ ఉన్నారు. తోటివారి శవాలను చూసిన వకీళ్ల దుఃఖాన్ని ఎవరూ తక్కువ చేయలేరు. కాని ఆ దుఃఖం దారి తప్పింది. ఉగ్రవాద కేసుల్లో పట్టుబడినవారి తరఫున ఎవరూ వాదించరాదని అక్కడి కొన్ని బార్ అసోసియేషన్లు తీర్మానాలు చేశాయి. అలాంటి కేసులు చేపట్టిన ఒక ముస్లిం న్యాయవాదిపై 2008లో లక్నో కోర్టు ఆవరణలోనే నల్లకోట్లవాళ్లు చేయిచేసుకున్నారు.

ఈ తీర్మానాల మీద సుప్రీం కోర్టు స్పష్టమైన మాట చెప్పింది 2010 డిసెంబరు 6న. విచిత్రం ఏమిటంటే ఆ కేసు ఉగ్రవాదానికి సంబంధించినది కాదు. తమిళనాడులోని కోయంబత్తూరులో వకీళ్లకూ పోలీసులకూ గొడవ జరిగితే, పోలీసుల తరఫున ఎవరూ వాదించరాదని అక్కడి బార్ తీర్మానించింది. ఇలాంటి తీర్మానాలు రాజ్యాంగానికీ చట్టానికీ వృత్తిధర్మానికీ విరుద్ధమనీ, అవి చెల్లవనీ సుప్రీం కోర్టు తేల్చింది. బెంగాల్ విప్లవకారుల తరఫునా, హైదరాబాదు రజాకార్ల తరఫునా, మహాత్మా గాంధీ హత్య కేసు నిందితుల తరఫునా ఈ దేశంలో వకీళ్లు నిలబడ్డారని గుర్తు చేసింది.

మన ప్రాంతం చరిత్రలో ఈ ఉదాహరణకు జోడు కూడా ఉంది. తెలంగాణ సాయుధ పోరాట కాలంలో ప్రత్యేక ట్రిబ్యునళ్లు రైతులకు ఉరిశిక్షలు వేస్తే, వారి తరఫున వాదించడానికి లండన్ నుంచి డి.ఎన్. ప్రిట్ అనే బారిస్టరు వచ్చారు. చివరకు ఆ ఉరిశిక్షలు అమలు కాలేదు. రజాకార్లకూ వకీలు దొరికాడు, కమ్యూనిస్టు రైతులకూ వకీలు దొరికాడు. రెండు పక్షాలూ ఒకరినొకరు చంపుకున్నవారే. న్యాయవాద వృత్తి గౌరవం అక్కడే ఉంది.

ముంబైలో షాహిద్ ఆజ్మీ అనే యువ న్యాయవాది ఉండేవారు. తీహార్ జైలులో కొన్నేళ్లు గడిపి బయటికి వచ్చాక న్యాయశాస్త్రం చదివారు. ఎవరూ ముట్టుకోని ఉగ్రవాద కేసులు చేపట్టారు. 2010 ఫిబ్రవరి 11న ఆయన కార్యాలయంలోనే ఆయనను కాల్చి చంపారు. అప్పటికి ఆయన వయసు 32 ఏళ్లు. ముంబై దాడుల కేసులో ఆయన ఎవరి తరఫున వాదించారో ఆ ఫహీమ్ అన్సారీని ఆ కేసులో నిర్దోషి అని అదే ఏడాది మే నెలలో ట్రయల్ కోర్టు ప్రకటించింది. 2012లో సుప్రీం కోర్టు కూడా అదే చెప్పింది. బార్ అంతా తలుపులు మూసుకొని ఉంటే ఆ నిర్దోషి గతి ఏమయ్యేది? మన హైదరాబాదులో 2007 మే 18న మక్కా మసీదులో పేలుడు జరిగిన తరువాత పట్టుబడిన యువకుల్లో ఎందరో ఆనక నిర్దోషులుగా ఇళ్లకు చేరారు. వారి తల్లులను అడిగితే చెబుతారు, వకీలు అంటే ఏమిటో.

నాణేనికి రెండో వైపు కూడా చూడాలి. 2018 ఏప్రిల్‌లో జమ్మూ ప్రాంతంలోని కఠువాలో చిన్నపిల్లపై జరిగిన ఘోరానికి సంబంధించిన అభియోగపత్రాన్ని పోలీసులు కోర్టులో దాఖలు చేయబోతే, న్యాయవాదులే గుంపుగా అడ్డుపడ్డారు. సుప్రీం కోర్టు జోక్యం చేసుకొని విచారణను పఠాన్‌కోట్‌కు మార్చవలసి వచ్చింది. లక్నోలో ముద్దాయికి తలుపు మూశారు, కఠువాలో బాధితురాలికి తలుపు మూశారు. పని ఒకటే. కోర్టు గుమ్మం ముందు గుంపు నిలబడి, లోపలికి ఎవరు పోవాలో తానే నిర్ణయించడం.

దైవగ్రంథం చూపిన హద్దు

వకాలతు ఇస్లామీ న్యాయశాస్త్రానికి కొత్త విషయం కాదు. మదరసాల్లో మేము బోధించే 'హిదాయా' గ్రంథంలో వకాలతుకు ఒక ప్రత్యేక అధ్యాయమే ఉంది. హజ్రత్ అలీ (రజి) తన వ్యాజ్యాల్లో మొదట తన అన్న అఖీల్‌ను, ఆయన వృద్ధుడైన తరువాత అబ్దుల్లా బిన్ జాఫర్‌ను వకీలుగా నియమించారని అందులో ఉంది. న్యాయనిర్ణేత ఒక పక్షం మాట విని, రెండో పక్షం మాట వినకుండా తీర్పు చెప్పరాదని అదే హజ్రత్ అలీకి దైవప్రవక్త (స) బోధించిన సంగతి హదీసు గ్రంథాల్లో ప్రసిద్ధం.

అయితే దివ్య ఖురాన్ నిసా సూరాలో, 105వ ఆయతు మొదలుకొని, ద్రోహుల తరఫున వాదించేవారిగా మారవద్దన్న హెచ్చరిక ఉంది గదా అని కొందరు అడుగుతారు. ఆ ఆయతులు అవతరించిన సందర్భం చూడండి. మదీనాలో ముస్లిముగా చెప్పుకునే ఒకడు కవచం దొంగిలించి, దాన్ని ఒక యూదుని ఇంట్లో చేర్చాడు. బంధువులు నిజం తెలిసి కూడా తమవాణ్ణి కాపాడుకోవడానికి ఆ యూదుని మీద నేరం తోయజూశారు. దైవవాణి యూదుని నిర్దోషిత్వాన్ని ప్రకటించింది. ఇక్కడ నిషేధించింది ముద్దాయి పక్షాన నిలబడటాన్ని కాదు. తెలిసి తెలిసి అబద్ధం ఆడి, ఒకడి పాపాన్ని మరొక నిరపరాధి నెత్తిన రుద్దడాన్ని. సాక్ష్యాన్ని పరీక్షించడం వకాలతు, సాక్ష్యాన్ని తయారు చేయడం ద్రోహం. ఈ రెండింటికీ నడుమ ఉన్న గీతే న్యాయవాద వృత్తి.

కపటుల లక్షణాలు చెబుతూ దైవప్రవక్త (స) వ్యాజ్యంలో హద్దుమీరి నీచానికి దిగజారడాన్ని కూడా అందులో లెక్కించారు. తన ముందు వాదనకు వచ్చేవారిలో ఒకరు మాటకారి కావచ్చుననీ, ఆ మాటల వల్ల తమ్ముడి హక్కు అన్నకు దక్కినా అది అతడి పాలిట నిప్పుముక్కేననీ హెచ్చరించారు. ఈ హెచ్చరిక వకీలుకే కాదు, వకీలును పెట్టుకున్నవాడికి కూడా.

అద్దంలో మన ముఖం

ఇక్కడ మనల్ని మనం అడగాలి. మహర్ బాకీ ఎగ్గొట్టడానికి, ఆడపడుచుకు తండ్రి ఆస్తిలో షరీఅతు ఇచ్చిన వాటా దక్కకుండా చేయడానికి, వక్ఫ్ జాగాను సొంతం చేసుకోవడానికి దొంగ కాగితాలు పట్టుకొని వకీలు గుమ్మం ఎక్కేవారు మనలో లేరా? భార్యాభర్తల తగాదాలో ఎదుటివారి కుటుంబంలోని ముసలివాళ్ల పేర్లు కూడా చేర్చి ఫిర్యాదు రాయమని కోరేవారు లేరా? నిజం చెప్పి రాజీ చేసుకోమన్న వకీలును పిరికివాడని తిట్టి, కోర్టు హాలులో గొంతు చించుకునేవాడి దగ్గరికి పోతున్నది ఎవరు? బజారులో గిరాకీ ఉన్న సరుకే అంగట్లోకి వస్తుంది. వకీళ్ల నోటి దురుసుతనానికి కొనుగోలుదారులం మనమే.

సభ్యత అంటే మెత్తదనం అని అనుకోరాదు. కక్షిదారు ప్రయోజనాన్ని నిర్భయంగా కాపాడాలని బార్ కౌన్సిల్ నియమమే చెబుతోంది. ఫిరౌను అంతటి నిరంకుశుడి దగ్గరికి పంపుతూ కూడా అల్లాహ్ హజ్రత్ మూసా, హారూన్‌లను మృదువుగా మాట్లాడమన్నాడు. వారు మృదువుగా మాట్లాడారు, ఒక్క సత్యాన్ని కూడా వదులుకోలేదు.

వకీళ్ల సమ్మెల సంగతి కూడా ఇలాంటిదే. న్యాయవాదులకు సమ్మె చేసే హక్కు లేదని 2002 డిసెంబరులోనే సుప్రీం కోర్టు తేల్చింది. అయినా కోర్టుల బహిష్కరణ ఆగలేదు. వారి బాధలు అబద్ధాలు కావు. 2021 ఫిబ్రవరి 17న పెద్దపల్లి జిల్లాలో న్యాయవాద దంపతులను పట్టపగలు రోడ్డు మీద నరికి చంపారు. వకీలుకు రక్షణ లేని సమాజంలో కక్షిదారుకు రక్షణ ఎక్కడిది? కాని విధులు ఆగిన ప్రతి రోజూ ఒక కూలీ రోజు కూలీ పోగొట్టుకొని వాయిదా తీసుకొని వెనక్కి పోతాడు. జామీను రావలసిన ఖైదీ మరో రాత్రి జైల్లోనే పడుకుంటాడు.

మన చేతిలో ఉన్న పనులు కొన్ని ఉన్నాయి. 1987 నాటి న్యాయసేవల చట్టం 12వ సెక్షను ప్రకారం స్త్రీలకు, పిల్లలకు, నిర్బంధంలో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం లభిస్తుంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థ ప్రతి జిల్లాలో ఉంది. 15100 నంబరుకు ఫోను చేయవచ్చు. ఈ సమాచారం మన బస్తీల్లో ఎంతమందికి తెలుసు? ఖతీబులు జుమా ప్రసంగంలో రెండు నిమిషాలు దీనికి కేటాయించాలి. లా చదివిన మన పిల్లలు నెలకు ఒక పేదవాడి కేసు ఫీజు లేకుండా చేపట్టాలి. ఆ పేదవాడు ముస్లిమా, హిందువా అని చూడకుండా.

అన్నిటికంటే కష్టమైన పని చివరిది. మనకు కోపం తెప్పించినవాడు, మన మసీదును, మన ప్రవక్తను (స) నిందించినవాడు రేపు బోనులో నిలబడితే, అతడి తరఫున వకాల్తా వేసిన వకీలును మన వీధుల్లో ఎవరూ ద్రోహి అనరాదు. ఒక జాతిపై ఉన్న ద్వేషం మిమ్మల్ని న్యాయం నుంచి తప్పించకూడదన్నది దైవాజ్ఞ. మన పిల్లలకు వకీలు కావాలని అడిగే నోటితో మరొకరి వకీలును తిట్టరాదు. ఆ తలుపు అందరికీ తెరిచి ఉంటేనే మనకూ తెరిచి ఉంటుంది.