ఈశ్వరానుమానము - మతబోధ

క్రైస్తవ బోధకులు ఈనాడు సభలలోను, చరవాణులలోను వినిపించు మతసమర్థనము తఱచుగా రెండడుగులు వేయుచున్నది. ప్రపంచము కార్యము గనుక దానికి కర్త యుండవలెననుట మొదటి యడుగు. ఆ కర్త బైబిలు చెప్పిన దేవుడేయనుట రెండవ యడుగు. మొదటిది విచారింపదగినది. రెండవది విచారణ లేకయే దాటింపబడుచున్నది. ఈ దాటింపును మేము ఖండించుచున్నాము. అంతేకాదు, దీనిని జూచి నవ్వు మన శాస్త్రులును ఆ దోషమునకు దూరము కారని చెప్పుచున్నాము.

1802 లో పేలీ యను ఆంగ్ల మతాచార్యుడు గడియారపు దృష్టాంతమును ప్రచురించెను. పొలములో దొరకిన గడియారమును జూచి దానిని చేసినవాడొకడు కలడని యూహించునట్లే జగత్తును జూచి జగత్కర్త నూహింపవలెనని యాతని వాదము. 1805 లో క్రాన్, డిగ్రేంజస్ అను లండను మిషనరీలు విశాఖపట్టణమున దిగిరి. ఆంగ్లవిద్యతోపాటు ఆ గడియారమును క్రమముగా మన యిండ్లకు వచ్చెను. ఇది దొరల వాదమని త్రోసివేయుట సులభమే. కాని మన ఉదయనాచార్యుడు న్యాయకుసుమాంజలిలో సాధించినదేమి? కుండకు కుమ్మరివలె జగత్తునకు కర్త కలడనియే కదా! అమెరికా పండితుడు విలియం లేన్ క్రెయిగ్ 1979 లో గ్రంథముగా వెలువరించిన ‘కలామ్’ వాదమునకు మూలపురుషులలో ముఖ్యుడు 1111 లో మరణించిన ముస్లిము పండితుడు ఘజాలీ. ఒకే హేతువు మూడు మతములవారి యింటను కూలి చేయుచున్నది. అట్టి కూలివానిని మా వంశపు బిడ్డయని యెవరు చెప్పినను నమ్మరాదు.

ఆ హేతువు బలమెంత? కుమ్మరికి శరీరము కలదు, కోరిక కలదు, చావు కలదు. దృష్టాంతమును పట్టుకొన్నచో జగత్కర్తకును ఇవి యుండవలసివచ్చును. శరీరము లేనివానికి సృజింపవలెనను కోరిక యెట్లు కలుగునని కుమారిలభట్టు ప్రశ్నించెను. పెద్ద మేడలను అనేకులు కూడి కట్టుట చూచుచున్నాము గనుక జగత్తునకును కర్తలు పలువురేల కారాదని శ్రీభాష్యమున రామానుజులు ఆక్షేపించిరి. 1779 లో వెలువడిన హ్యూము సంవాదములలోను ఇదే యాక్షేపము కలదు. హ్యూము సంశయవాది. రామానుజులు పరమభక్తులు. ఈశ్వరుని తెలిసికొనుటకు శాస్త్రమే ప్రమాణము గాని అనుమానము చాలదని వారి సిద్ధాంతము. క్రైస్తవులలో పదుమూడవ శతాబ్దివాడగు థామస్ అక్వినాస్ దేవుని యునికిని సాధించుటకు అయిదు మార్గములు చూపినవాడే. అయినను త్రిత్వమును యుక్తిచే సాధింపబోవుట విశ్వాసమును అవిశ్వాసులయెదుట నవ్వులపాలు చేయుటయని హెచ్చరించెను. గురువులు ఎఱిగిన హద్దును శిష్యులు చెఱుపుచున్నారు.

మా కృష్ణదేవిపేటలో అల్లూరి సీతారామరాజు సమాధి యున్నది. ఎవరును చెప్పకపోయినను దానిని జూచినవాడు కట్టిన పనివారు కలరని తెలిసికొనును. కాని అందున్నవాడెవడు, 1924 లో ఎట్లు మరణించెను, ఎవరి కొఱకు పోరాడెను అను సంగతులను ఇటుకలు చెప్పవు. అవి తెలిసిన మనుష్యుల మాటవలనను, వ్రాతలవలనను తెలియవలసినవి. ఇటుకలను జూపి చరిత్రమంతయు ఋజువైనదనువానిని మనము నమ్ముదుమా? జగత్కర్త కలడన్న మాత్రమున సువార్త ఋజువైనదనుట ఇట్టిదే; పురాణము ఋజువైనదనుటయు ఇట్టిదే.

అయితే సాక్ష్యమునే యాశ్రయింతుమందురా? మంచిది. అప్పుడు చెప్పినవాడెవడు, ఎప్పుడు చెప్పెను, ఆ మాట మన చేతికి ఎట్లు వచ్చెను అని యడుగవలసియుండును. ఆ కొలత యందఱకును ఒకటియే కావలెను. కన్యాగర్భమును కట్టుకథయని పరిహసించి, కుంభమున పుట్టిన అగస్త్యుని కథకు చేతులు జోడించువాడు హేతువాది కాడు, పక్షపాతి. అగస్త్యుని కథకు నవ్వి, నీళ్లు ద్రాక్షారసమైనవన్నప్పుడు నవ్వరాదనువాడును అట్టివాడే.

చదువరులారా, ఇది పండితుల వినోదము కాదు. బోధకుని మాటకు మనసు కదలిన కుమారుడు ఇంటికి వచ్చి ప్రశ్న వేయును. తండ్రివద్ద ఉత్తరము లేదు, చేయి లేచును. కుమార్తెకైతే ప్రశ్నించు స్వాతంత్ర్యమే లేదు. మతము మార్చుకొన్న బిడ్డకు గడప దాటరాదను శాసనము. అటుపైన, మార్చుకొన్నవాడు తన వంతు రాగా తల్లి పెట్టిన దీపమును సైతాను పనియనును. 1950 లో అమలునకు వచ్చిన రాజ్యాంగము ఇరువదియైదవ యధికరణమున అంతరాత్మ స్వాతంత్ర్యము నొసగినది. మన వసారాలోనికి ఆ స్వాతంత్ర్యము ఇంకను రాలేదు.

దేవుని నమ్మవలదని మేము చెప్పుటలేదు. తర్కముచే తేలనంత మాత్రమున నమ్మకము అసత్యమనియు చెప్పుటలేదు. నమ్మినవాడు నమ్మితినని చెప్పుకొనవచ్చును. అందు అవమానము లేదు. నమ్మకమునకు ఋజువను వేషము వేసి, ఆ ఋజువును ఒప్పనివానిని మూఢుడనియు పాపియనియు దూషించుటయే యవమానము. బోధకుడు వచ్చినప్పుడు తలుపు మూయవలదు, ఆతనిని కూర్చుండబెట్టి రెండవ యడుగునకు హేతువేమని యడుగుడు. మన పురోహితుడు వచ్చిన నాడును ఆ ప్రశ్ననే యడుగుడు. పిల్లలు వినుచుండగా అడుగుడు.