మన టీవీ గదిలో మంచుకొండ

వీడియో గేమ్ పిచ్చి పడితే చదువు చెడుతుందని పెద్దలంటారు. నేను సగమే ఒప్పుకుంటాను. 2001లో ప్లేస్టేషన్ 2కు వచ్చిన 'ఎస్ఎస్ఎక్స్ ట్రిక్కీ'ని ఉద్యోగంలో చేరాక రూమ్మేట్ దగ్గర ఆడాను. మంచుకొండ మీంచి బోర్డు మీద నిలబడి జారాలి. ఊరికే తిన్నగా జారితే గెలవం! గాలిలో పల్టీలు కొట్టి సరిగ్గా దిగితేనే బూస్ట్ నిండుతుంది, వేగం వస్తుంది. దిగడం తప్పితే బోర్లా పడతాం, వెనకవాడు దాటిపోతాడు. మంచు ముఖం చూడని నేను ఎన్నిసార్లు పడ్డానో! తెరను రెండుగా చేసి ఇద్దరు ఆడొచ్చు, చుట్టూ ఉన్నవాళ్ళ కేకలు వేరే. సెల్‌ఫోన్‌లో ఎవరికి వారు తలొంచుకుని ఆడితే ఆ కేకలుండవు. అందుకే పూర్వ విద్యార్థులం చందాలేసుకుని పాత ప్లేస్టేషన్ ఒకటి హాస్టల్‌కు కొనిద్దామంటాను. ఆదివారం మధ్యాహ్నం గంటసేపే. బీరువా తాళం వార్డెన్ సార్ దగ్గరే ఉండనివ్వండి.