పోకర్ పోటీలో నష్టానికి గీత ఎక్కడ?

2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం, ఆట నైపుణ్యానిదా అదృష్టానిదా అన్న మీమాంసను పక్కనపెట్టి, డబ్బు పందెం ఉంటే చాలు నిషిద్ధమేనన్నది. తెలంగాణ 2017లోనే ఈ దారి పట్టింది. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన సత్యనారాయణ కేసులో రమ్మీ ప్రధానంగా నైపుణ్య క్రీడేనని దాదాపు ఆరు దశాబ్దాల కిందట సుప్రీంకోర్టు చెప్పినా, పోకర్‌పై హైకోర్టులు ఒక్కమాట మీదకు రాలేదు.

అయితే నిర్వాహకుడి చేతిలోని అసలు మీట వేరు. బ్లైండ్లు అంటే ముక్కలు పంచకముందే ఇద్దరు ఆటగాళ్లు తప్పనిసరిగా పెట్టే పందేలు. నిర్ణీత వ్యవధికోసారి వాటిని పెంచుతారు. లేకుంటే పోటీ, విడిదింటి పేకాటలా, తెల్లవారినా తేలదు. ప్రవేశ రుసుముకు 10,000 చిప్స్ ఇచ్చారనుకుందాం. పెద్ద బ్లైండ్ 100 ఉన్నప్పుడు అవి దానికి నూరింతలు. 1,000కి చేరాక పదింతలే. చిప్స్ పోగొట్టుకుని, అదే రుసుముతో రీబై చేసినవారికి దక్కేదీ ఆ పదింతలే. ఆలోచనకు చోటు తగ్గి, ముక్కల పాత్ర పెరుగుతుంది. అందుకే రీబైలను తొలి అంచెలకే పరిమితం చేయడం వాడుక.

రీబై లేని పోటీలో నష్టం ప్రవేశ రుసుముతో ఆగుతుంది. పరిమితి లేని రీబైలలో ఆగదు. నైపుణ్యాన్ని కొలమానంగా తీసుకున్నా, పందేన్ని తీసుకున్నా, చట్టం కంటికి ఈ రెండు పోటీలూ ఒకటే.